ఒకే పెట్టెలోకి రెండు తీగలు

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు టెస్ ప్రేమతో రాస్తున్నాను. తాత, నేను, కుక్క ముగ్గురం బాగానే ఉన్నాం. సరస్సు మీద గాలి లేచినప్పుడల్లా మీ ఓడ ఎక్కడుందోనని తాత రేడియోకి చెవి ఆనించి కూర్చుంటున్నాడు. నువ్వు, ఆ ఓడలో నీ వంటగది, నీ గిన్నెలు అన్నీ నిలకడగా ఉన్నాయని అనుకుంటాను.

నువ్వడిగినవాటికి జవాబులు: తాత మందులు వేసుకుంటున్నాడు, తిడుతూ. కట్టెలు మార్చి దాకా సరిపోతాయి. ఆవిరిస్నానం గది తలుపు ఇంకా బాగుచేయించలేదు. "ఇంకా ఆ భద్రతా నియమాల కరపత్రాలే చదువుతున్నావా, మనుషులతో కూడా మాట్లాడుతున్నావా?" అన్నావు. మాట్లాడుతున్నాను. మాటలు పోట్లాటలవుతున్నాయి, అంతే.

పోట్లాట మా అత్యవసర ఫోన్ల కేంద్రంలో పైఅధికారి డేల్‌తో. మన కౌంటీలో ఆపదలో ఉన్నవాళ్లు ఎవరు ఫోన్ చేసినా ఆ పిలుపు మా ఫైర్‌వాల్ అనే కాపలా యంత్రం దాటుకునే లోపలికి రావాలి. అది చెడిపోతే ఎలాగని రెండు పెట్టాం. ఒకటి పనిచేస్తుంటే రెండోది కాచుకుని ఉంటుంది. "బతికే ఉన్నాను" అని ఒకదానికొకటి కబురు చెప్పుకోవడానికి వాటి మధ్య రెండు తీగలు, ఒకటి తెగినా ఇంకోటి ఉండాలని. డేల్ ఆ రెండింటినీ తెచ్చి ఒకే స్విచ్ పెట్టెలో గుచ్చాడు! ఆ పెట్టె పోయిందంటే అవతలిది చచ్చిందనుకుని రెండూ పెత్తనానికి లేస్తాయి. ఇక పిలుపు ఎటు పోవాలో దానికే తెలీదు.

"పచ్చదీపాలు వెలుగుతున్నాయా లేదా?" అన్నాడు డేల్.

"వెలుగుతున్నాయి. అయితే?"

"అయితే ముట్టుకోకు. జింకల వేట మొదలవుతోంది. వేట అయ్యేదాకా ఇక్కడ ఎవరూ మర కూడా తిప్పరు. నేను చేరినప్పటి నుంచీ ఇదే ఆనవాయితీ."

"అడవి నిండా జనం తుపాకులు పట్టుకు తిరిగేది అప్పుడే కదండీ! మీ ఆనవాయితీ కోసం వాళ్లు ఆపదలో పడకుండా ఉంటారా?"

"ఇదిగో, కరపత్రం మాట్లాడుతోంది" అని నవ్వాడు.

కౌంటీ బోర్డుకెక్కుతానని బెదిరించాను. దిగొచ్చాడు. రెండో తీగను ఆ పెట్టెతో సంబంధం లేకుండా వేరే నడవాలోంచి నా చేతులతో నేనే లాగాను. ఆ స్విచ్ పెట్టె కరెంటు పీకి, ఇప్పుడేమీ ఆగిపోదని చూపించడమే మిగిలింది. డేల్ పక్కనే నిలబడ్డాడు, బోర్డు నుంచి ఒకాయన కూడా వచ్చాడు.

ఇక్కడిదాకా రాసి, లేచి పొయ్యిలో ఓ కట్టె వేసి వచ్చాను. ఇక దాచను.

మా దగ్గర ఒక కట్టడి ఉంది. ఫోన్ తీసేవాళ్లలో ఎవరైనా ప్రాణం మీదికొచ్చిన పిలుపులో ఉంటే చెయ్యి పైకెత్తుతారు. ఆ చెయ్యి దిగేదాకా ఎవరూ దేన్నీ కదపకూడదు. నేను పెట్టె దగ్గర వంగినప్పుడు అద్దం అవతల ఫోన్ దగ్గరున్న రోండా చెయ్యెత్తింది. వెర్నా టెర్వో అనే ఆవిడ భర్త వంటింట్లో కుప్పకూలితే, ఆయన ఛాతీ ఎలా నొక్కాలో రోండా ఫోన్‌లో ఆవిడకి లెక్కపెడుతూ చెబుతోందట. అది నాకు తరవాత తెలిసింది. నేను పీకేశాను.

రెండో యంత్రం లేచింది, నేను చెప్పినట్టే. కానీ దాన్నుంచి బయటికి వెళ్లే తీగ కూడా ఆ పెట్టెలోంచే పోతోంది. డేల్ మీద ఏ తప్పుకి అరిచానో అదే తప్పు పక్కనే ఇంకోటి ఉంది, నేను చూసుకోలేదు. ఫోన్లన్నీ మూగబోయాయి. మళ్లీ గుచ్చి, అవి తేరుకునేసరికి వెర్నా పిలుపు తెగిపోయింది. అంబులెన్సు అప్పటికే దారిలో ఉండబట్టి సరిపోయింది. వెర్నా భర్త లీలండ్ గారు ఆసుపత్రిలో ఉన్నారు, ఇంకా కళ్లు తెరవలేదు.

డేల్ నన్ను పక్కకి పిలిచాడు. "నువ్వు వంగి ఉన్నావు, చెయ్యి కనబడి ఉండదు. అలాగే రాశాను. గురువారం బోర్డు అడిగితే అదే అను" అన్నాడు. నా మీద జాలితోనే అన్నాడు. కానీ అమ్మా, నాకు కనబడలేదంటే రోండా ఆలస్యంగా ఎత్తిందనే కదా అర్థం? అప్పుడే అందరూ అలాగే అనుకుంటున్నారు. రోండా పనికీ రావడం లేదు.

నేను చూశాను. ఆమె కళ్లలోకే చూశాను. పిలుపు నడుస్తుండగా పీకితే, అది తెగకుండా ఉంటే, డేల్ ఇక నోరెత్తలేడని అనుకున్నాను. ఒక మనిషి ప్రాణం నా కంటికి రుజువులా కనబడింది.

నిన్న వెర్నా ఇంటికి వెళ్లాను. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ పోసి, యాలకుల రొట్టె కోసింది.

"ఫోన్ ఆగిపోయాక లెక్క తప్పానే తల్లీ. మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాను. చేతులు మాత్రం ఆపలేదు" అంది.

అప్పుడు చెప్పేశాను, చెయ్యి చూసి కూడా పీకానని. ఆవిడ బల్ల మీద రొట్టెపొడిని అరచేత్తో కూడదీసింది. వెళ్లిపొమ్మంటుందని లేచాను.

"లెక్క చెప్పినావిడ ఎలా ఉంది?" అని అడిగింది.

"ఇంట్లోంచి బయటికి రావడం లేదండి."

"ఆవిడకి చెప్పావా ఈ మాట?"

"లేదు."

"మరి ముందు నా దగ్గరకెందుకొచ్చావు? నేను ముసలిదాన్ని, క్షమిస్తాననా? పో. గురువారం నేనూ వచ్చి వింటాను."

నాకు చాలా భయంగా ఉంది అమ్మా. ఉద్యోగం పోతుందేమోనని కాదు, రోండా తలుపు తీశాక మొదటి మాట ఏమనాలో తెలియక. కోటు తొడుక్కునే ఇది రాస్తున్నాను. దీన్ని తపాలాలో వేసి అటే వెళ్తాను.

ఇట్లు,
రోండా ఇంటికి బయలుదేరిన
నీ కూతురు టెస్