చంద్రుడి వెనకాల పేరు

బెడోక్,
ఆదివారం.

అమ్మకు నీ నాగమ్మ దండాలు పెట్టి రాస్తున్నది.

ముందే చెబుతున్నాను, నా రాత చూసి నవ్వకు. అయిదో తరగతితో ఆగిన చెయ్యి ఇది. తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువుకో. ఇక్కడ నేనూ, మా ఆయనా, మామగారూ బాగున్నాం. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తాను.

నువ్వు పంపిన ఆవకాయ కారకుండా చేరింది. మామగారు దాచుకుని తింటున్నారు, నాకే అందడం లేదు. మామగారి గడియారాల రిపేరు దుకాణంలో ఉన్న ఆ బట్టల్లేని గడియారం ఏమిటని అడిగావు. ఫ్రాన్సు దేశంలో రెండు వందల ఏళ్ల కిందట చేశారట. పైన గాజు బుడ్డి, లోపల ఎముకల్లా కనబడే ఇత్తడి చక్రాలు. టైమే కాదు, తారీఖు, పొద్దు పొడిచే వేళ, చంద్రుడు ఎంత పెరిగాడో కూడా చూపిస్తుంది. పోయిన పౌర్ణమికి దాన్ని చూసే పాయసం వండాను. ఇక్కడే బిషాన్‌లో ఉండే జనార్దనరావు అంకుల్‌ది అది. చేసినవాడెవరో దాని మీద ఎక్కడా లేదు. తెలుసుకోవాలని ఆయనకు పదేళ్ల కోరిక. మామగారు రెండు నెలలు కూర్చుని బాగుచేశారు గానీ పేరు దొరకలేదు.

ఇక ఫోన్లో చెప్పలేనిది రాస్తాను. ఫ్లాట్ చిన్నది, అందరూ వింటారు, నాకు సిగ్గు. అమ్మా, నేనొక తప్పు చేశాను.

ఆయుధపూజ నాడు దుకాణంలో పనిముట్లన్నిటికీ బొట్లు పెట్టమన్నారు. స్క్రూడ్రైవర్లకు, పట్టకార్లకు పెట్టాను. ఇది మాత్రం ఏం పాపం చేసిందని బుడ్డి ఎత్తి దీనికీ పెట్టాను. కుంకుమ చక్రాల సందుల్లోకి రాలింది. టిక్కుటిక్కుమంటున్నది ఆగిపోయింది. మర్నాడే అంకుల్ వచ్చి తీసుకెళ్లాలి! బుడ్డి మూసేసి, చెప్పకుండా ఇంటికొచ్చేశాను. మామగారి నలభై ఏళ్ల మంచిపేరు నా చేతుల్లో పోయిందనుకున్నాను. సాయంత్రం ఆగలేక వెళ్లి చెప్పేశాను.

"అలమక్!" అని మామగారు తల పట్టుకున్నారు. ఇక్కడివాళ్ల 'అయ్యో' అది. నా ఏడుపు చూసి, "ఏడవకమ్మా. దానికీ పండగే కదా మరి," అని చొక్కా చేతులు మడిచారు. రంగు రాలుతుందని అంతకుముందు చంద్రుడి బిళ్ల జోలికి పోలేదట. ఇప్పుడు కుంకుమ దాని వెనక్కే దూరింది, విప్పక తప్పలేదు. మా ఆయన లైటు పట్టుకున్నారు.

బిళ్ల వెనక సూదితో గీసిన అక్షరాలు!

చక్రాల్లో కుంకుమ దులిపి గడియారాన్ని మళ్లీ నడిపించారు గానీ బిళ్ల మాత్రం విడిగా ఉంచారు. మర్నాడు అంకుల్ ఫోన్లో అర్థం చూసుకుంటూ చదివారు. 'చేసినది గాస్పార్ వెర్నియే, పారిస్, 1811. చంద్రుడికి రంగు వేసినది నా భార్య క్లోదీన్.' చదివి కళ్లు తుడుచుకున్నారు. "ఎలా కనిపెట్టారు, అప్పన్నగారూ?"

"నేనేం కనిపెట్టాను? మా కోడలి కుంకుమ కనిపెట్టింది," అన్నారు మామగారు. నేను తలుపు చాటున ఉన్నాను.

బాగుచేసినవాళ్లు వెనక పక్క చిన్నగా పేరు గీయడం వీళ్ల పనిలో ఆచారం. అంకుల్ సరేనన్నాక మామగారు ఆ బిళ్ల వెనకే తన పేరు గీసి, సూది నా చేతిలో పెట్టారు. నా రాత బాగుండదని వెనక్కి తగ్గాను.

"ఆ వెర్నియే రాత మాత్రం ఏం బాగుంది? గీయమ్మా. బాలనాగమ్మ అంతా పట్టదు, సగం గీయి," అన్నారు. మా ఆయన పగలబడి నవ్వారు. 'నాగమ్మ' అని గీశాను. చివరి అక్షరం వంకర పోయింది. పోనీలే, క్లోదీన్ పక్కనే ఉన్నాను.

ప్రతి ఉత్తరం చివరా చదివి పొయ్యిలో వెయ్యమని రాసేదాన్ని. ఇది వెయ్యకు. పక్కింటివాళ్లకు కూడా చూపించు.

ఇట్లు,
నీ కూతురు,
ఇక్కడ చోటుంది కనక పూర్తిగా,
బాలనాగమ్మ