జర్మనీ డబ్బు జమ అయ్యేదాకా మొక్కులు బంద్

ఏప్రిల్ 13, ఆదివారం

రేవతికి జర్మనీలో సీటు వచ్చింది. నీటిని శుద్ధి చేసే చదువు. ఫీజు లేదట. కానీ ఏడాది తిండికీ గదికీ అయ్యే డబ్బు ముందే బ్యాంకులో వేసి చూపించాలట. పన్నెండు లక్షలు. గడువు జూన్ 10. దాటితే మా అమ్మాయికి సీటు లేనట్టే.

మా ఆయన లాడ్జిలో కౌంటరు గుమాస్తా. పోయిన ఏడాది నా మొక్కులకు అయిన ఖర్చు కూడి చూపించారు. నలభై రెండు వేలు.

"ఈ దుడ్డు పక్కన పెట్టింటే పిల్లకు విమానం టికెట్టు వచ్చిండేది" అన్నారు.

అందుకని కాణిపాకం వెళ్లాం. వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేసి తప్పే ధైర్యం మా జిల్లాలో ఎవరికీ లేదు. ఉదయం 9.40కి చెప్పాను: రేవతి డబ్బు జమ అయ్యేదాకా ఏ దేవుడికీ కొత్త మొక్కు మొక్కను.

9.41కి, ఈ ప్రమాణం నిలబెట్టుకునే శక్తి ఇస్తే నూటొక్క కొబ్బరికాయలు కొడతానని మొక్కుకున్నాను.

బస్సెక్కి కూర్చున్నాక గానీ తెలియలేదు. ఆయనకు చెప్పలేదు.

ఏప్రిల్ 14

డబ్బుకు దారులు:
1. నా నగలు. మూడు లక్షలు.
2. చీటీ. రెండు లక్షలు. ఎదురింటి షహర్‌బాను బట్టలు కుడుతుంది, వీధిలో ఆడవాళ్ల చీటీ నడుపుతుంది.
3. ఇంటి మీద లోను. ఏడు లక్షలు. ఇల్లు ఇంకా చనిపోయిన మామగారి పేరు మీదే ఉంది. పాకాలలో ఉన్న మా మరిది ధనశేఖర్ కూడా సంతకం పెట్టాలి.

మొక్కులు: సున్నా. (కొబ్బరికాయలు ప్రమాణంలో భాగం. లెక్కలోకి రావు.)

ఏప్రిల్ 19, శనివారం

ఉదయం 5.30. వేంకటేశ్వరస్వామి పటం ముందు నిలబడ్డాను. ఏదో ఒకటి ఇస్తాననకుండా అడగడం నాకు చేతకాదని తెలిసింది. ఉత్త చేతులతో పెళ్లికి వెళ్లినట్టుంది. అయినా మొక్కలేదు. నా మీద నాకే గౌరవం కలిగింది.

ఏప్రిల్ 27

చీటీ పాట. ఎక్కువ తగ్గించుకుని పాడినవాళ్లకు చీటీ. నా గొంతు పక్కవాళ్లకే వినపడదు.

షహర్‌బాను విసిగిపోయింది. "అక్కా, నువ్వు పెదాలు కదిలిస్తే పాట అనుకోవాల్నా, జపం అనుకోవాల్నా?"

జపమే. చీటీ నాకొస్తే గంగమ్మకు పొంగలి పెట్టి, చీర ఇస్తానని అనుకుంటున్నాను. నాకే వచ్చింది.

గంగమ్మ వేంకటేశ్వరస్వామికి చెల్లెలు. ఆడపడుచుకు పెట్టేది సారె అవుతుంది గానీ మొక్కు కాదు.

మే 4

పాకాల వెళ్లాను. ధనశేఖర్‌ది ఎరువుల అంగడి. మామగారు పోయినప్పటి నుంచి అన్నదమ్ములకు సరిగా మాటల్లేవు.

11.00: మామిడి కాపు గురించి మాట్లాడాను.
12.30: భోజనం.
2.00: సంతకం మాట నాలుక చివరికి వచ్చింది. మజ్జిగ ఇచ్చారు. తాగేశాను.
3.10: రైలు. ఒళ్లో పది కిలోల మామిడికాయలు.

ఆయనతో, "ధనశేఖర్ ఆలోచిస్తానన్నాడు" అని చెప్పాను. దేవుడు క్షమించాలి.

మే 8, గురువారం

షహర్‌బానుకు ప్రమాణం సంగతి చెప్పాను.

"నువ్వు మొక్కొద్దులే అక్కా. నేను మొక్కుతా. సంతకం పడితే దర్గాలో చాదర్ కప్పుతా."

చాదర్‌కు సగం డబ్బు నేను ఇస్తానన్నాను. మొక్కు ఆమెది. నాది సాయం.

మే 20

బ్యాంకువాళ్లు గట్టిగా చెప్పారు. నెలాఖరులోగా మరిది సంతకం కావాలి. లేకపోతే లోను లేదు.

పటం ముందు కూర్చున్నాను. ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ తోచలేదు. రేవతి తలనీలాలు ఇస్తానన్నాను.

మే 21

రేవతికి తెలిసిపోయింది.

"నా జుట్టు నన్ను అడక్కుండా ఎట్ల ఇస్తావు మా?"

"స్వామికే కదమ్మా."

"ఇంకా ఏమేం మొక్కినావు? సూపియ్."

కాగితం ఇచ్చాను. కొబ్బరికాయలు, పొంగలి, చీర, చాదర్, జుట్టు. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"సంతకం పెట్టాల్సింది చిన్నాయన. ఈ కాగితంలో ఆయన పేరు యాడుండాది? ఆ పొద్దు నువ్వు అడగనే లేదు కదా?"

బియ్యం ఏరుతూ కూర్చున్నాను. దేవుడు కాదన్నా ముఖం మీద అనడు. మనుషులు అంటారు. ఆ సంగతి పిల్లకు ఎలా చెప్పను?

మే 25, ఆదివారం

పాకాల. 11.15. అంగడిలో ముగ్గురు రైతులు ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగితే నేనూ వెళ్లిపోతాను. అడిగేశాను.

"ఏంది వదినా?" అన్నాడు ధనశేఖర్. వినపడలేదు.

మళ్లీ అడిగాను. అదీ వినపడలేదు. మూడోసారి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మా రేవతి చదువుకు నీ సంతకం కావాలప్పా. లేకుంటే దాని సీటు పోతాది."

ముగ్గురు రైతులూ నా వైపు తిరిగారు.

"ఈ మాట ఆ పొద్దే అడగకూడదా? మామిడికాయలకు వచ్చినావనుకొంటి" అన్నాడు. తర్వాత మెల్లగా, "అన్న ఫోన్ చేయడు. మీరు నన్ను మనిషి కింద లెక్కేయలేదనుకొంటి వదినా. రేపు బ్యాంకుకొస్తా."

ఒక ముసలి రైతు యూరియా బస్తా మీద నుంచి లేచాడు. "గట్టిగానే అడిగినావు లేమ్మా. స్టేషను దాకా వినపడింటాది."

జూన్ 6

పన్నెండు లక్షలూ జమ అయ్యాయి. ఆయనా ధనశేఖరూ బ్యాంకు ముందు ఒకే సోడా పంచుకున్నారు.

రేవతి గుండుకు బదులు మూడు కత్తెర్ల జుట్టు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఈసారి ముందే అడిగాను. గుండు నేను చేయించుకుంటాను.

జూన్ 7

కొత్త తీర్మానం. నేటి నుంచి ఏం కావాలన్నా ముందు మనిషిని అడుగుతాను. దేవుడి దగ్గరికి ఆ తర్వాతే.

మొదట అడగాల్సింది: అక్కడికెళ్లాక వారానికి ఒక్కసారైనా నాతో తీరిగ్గా మాట్లాడమని, రేవతిని.

సాయంత్రం 6.00: రేవతి వంటింట్లోనే ఉంది.
6.10: పక్కనే నిలబడి కొత్తిమీర తరిగాను.
6.20: ఇంకా అడగలేదు. దీపం వెలిగించి వచ్చి అడుగుతాను. ఉత్త దీపమే.