కొమ్ము తేడా

శ్రీవారికి,

ఇంట్లో ముగ్గురం కులాసా. నడిసముద్రంలో మీరూ, మీ ఓడ ఇంజనూ దగ్గూ రొంపా లేకుండా ఉన్నారనుకుంటున్నాను. మీ ఉత్తరం అంది వారం దాటింది. జవాబు ఆలస్యమైందని కోప్పడకండి. కోప్పడాల్సిన సంగతి ఇందులో వేరే ఉంది, కోపాన్ని కాస్త దానికి అట్టేపెట్టుకోండి.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయికి వాషరు మార్చాను. ఆగింది. మళ్లీ కారింది. మళ్లీ మార్చాను. ఇప్పుడు దానికీ నాకూ ఒక ఒప్పందం కుదిరింది: నేను ఇంట్లో ఉన్నంతసేపు కారదు. చిన్నది లెక్కల్లో గట్టెక్కింది. “నాన్నకి పాసయ్యానని రాయి, మార్కులు రాయకు” అంది కాబట్టి, పాసైంది. మామయ్యగారిని కళ్ల డాక్టరు దగ్గరికి మళ్లీ తీసుకెళ్లాను. ఇక చేయగలిగింది లేదన్నాడు. “ఆ ముక్క చెప్పడానికి కళ్లలోకి అంత లైటు ఎందుకు వేశాడమ్మా, అదేదో చీకట్లోనే చెప్పొచ్చుగా” అన్నారాయన తిరిగొచ్చే దారిలో. దగ్గు తగ్గింది. ఆకలి బాగుంది. కోపం ఎప్పటిలాగే ఉంది.

ఇక మూడో సంపుటం. “నేను చెప్పినట్టే చేశావు కదా?” అని అడిగారు. దానికి జవాబు కాస్త పొడుగు. ఫోన్‌లో అయితే మీరు ఊఁ అంటారు, నేను ఊఁ అంటాను, లైను తెగిపోతుంది. అందుకే రాస్తున్నాను.

మీరు రేవులో కొని, మీ పాత స్వెట్టర్లు చుట్టి పంపిన ఆ జీవితచరిత్ర అయిదు సంపుటాలూ ఇప్పుడు వరండాలో, మామయ్యగారి కుర్చీ పక్క బల్ల మీదే ఉంటున్నాయి. నేను కాలేజీ నుంచి వచ్చి మొహం కడుక్కునేసరికి ఆయన సిద్ధంగా ఉంటారు. నేను చదువుతాను, ఆయన పోట్లాడతారు. యుద్ధకాలంలో దేశాన్ని నడిపిన మనిషి మీద ఆయనకున్నంత ప్రేమ, తగువు మరెవరికీ ఉండవేమో. నది గట్టు మీద చేతికర్రతో నిలబడ్డ ఆ విగ్రహాన్ని చూసి ఊరంతా “కర్రాయన” అంటుంది కదా, మామయ్యగారు మాత్రం ఎదురింటాయన సంగతి మాట్లాడినట్టు మాట్లాడతారు. మొదటి సంపుటం సగానికి వచ్చినా కర్రాయన ఇంకా బడి దాటలేదు. “పెరగడానికే ఇన్ని పేజీలు పట్టినవాడు యుద్ధం ఎప్పటికి గెలుస్తాడమ్మా” అన్నారు.

నా సంగతి మీకు తెలుసు. ఏ వాక్యం చదివినా ఇది నిజమేనా, రాసినాయన పక్షపాతం ఎంత అని ఆగిపోతాను. ప్రతి మాట చివరా ‘కానీ...’ అంటానని మీరు నాకు ఆ పేరే పెట్టారు. చిత్రం చూడండి, నేను ఆగినప్పుడల్లా మామయ్యగారు అనే మాట కూడా అదే. కుర్చీలో వెనక్కి వాలి, చెయ్యి ఊపి, “ఊఁ, కానీ” అంటారు. ఇరవై ఏళ్లుగా మీ నోట ఆ మాట నా సందేహానికి పేరు. ఆయన నోట అది ‘ముందుకు పద’ అని. రెండూ ఒక్కటే మాట అని నాకు ఈ వరండాలోనే తట్టింది.

మూడో సంపుటంలో వంతెన అధ్యాయం మొదటి పేజీ అంచున మీ పెన్సిల్ రాత ఉంది: “ఇది నాన్నకి వద్దు. దాటెయ్.” నేను అలాగేనని మీకు రాశాను. ఎందుకు వద్దో నాకూ అర్థమైంది. చిన్నప్పటి నుంచీ మీరు విన్న కథే అది. శత్రువు వస్తున్నాడని అవతలి ఒడ్డు ఊళ్లన్నీ వంతెన దాటి ఇటు వస్తున్న రోజు. ఆరేళ్ల మామయ్యగారు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని ఇవతలికి వచ్చారు. ఆవిడ పిల్లాణ్ని వాళ్ల నాన్నకి అప్పగించి, ముసలి తల్లిని తీసుకురావడానికి వెనక్కి వెళ్లింది. తర్వాత వంతెన లేదు. ఆ సాయంత్రం కర్రాయన రేడియోలో మాట్లాడాడు: “వంతెన కూల్చక తప్పలేదు.”

ఆ ఒక్క మాటని పట్టుకునే మామయ్యగారు పెరిగారు. దాన్నే బడిలో చరిత్ర పాఠంగా చెప్పారు. ఏటా వంతెన సంస్మరణ సభలో దానితోనే ఉపన్యాసం ముగించారు. తల్లిని పోగొట్టుకున్నవాడే తప్పలేదన్నాక ఇంకెవరికి అభ్యంతరం? హాలంతా లేచి నిలబడేది. మీరు నాకు పెళ్లైన కొత్తలో చెప్పారు, నాన్నని చూసి అంత గర్వపడ్డ రోజు మరొకటి లేదని.

ఆ మాట వెనకున్న సంగతిని పుస్తకం రాసినాయన పాత టెలిగ్రాముల్లోంచి తవ్వి తీశాడు. శత్రువు ఇంకా రెండు రోజుల దూరంలో ఉన్నాడని, అవతలి ఒడ్డు ఖాళీ అయ్యేదాకా ఆగొచ్చని, వంతెన దగ్గరున్న సైనిక ఇంజనీర్లు కబురంపారు. కర్రాయన ఆగలేదు. వంతెన పోయిందన్న వార్త మర్నాటి మంత్రివర్గ సమావేశానికి అందాలి, తన గట్టిదనం మిగతావాళ్లకి కనిపించాలి. అంతే.

సరే, దాటేశాను. వంతెన అధ్యాయం వదిలి తర్వాతది చదవడం మొదలుపెట్టాను. పేజీన్నర కూడా కాలేదు.

“అమ్మాయ్, నిన్న కర్రాయన అవతలి ఒడ్డున ఉన్నాడు కదూ?”

“అవునండి.”

“ఇవాళ ఇవతల కూర్చుని మంత్రులతో టీ తాగుతున్నాడు.”

“అవునండి.”

“ఈదుకుంటూ వచ్చాడా?”

నాకు నవ్వూ వచ్చింది, చెమటా పట్టింది. “మధ్యలో కొన్ని పేజీలు అతుక్కుపోయాయండి” అన్నాను.

“ఎవరు అతికించారు?”

నాకు అబద్ధం రెండో మెట్టు ఎక్కడం చేతకాదు. “మీ అబ్బాయి” అన్నాను.

ఆయన కోప్పడతారనుకున్నాను. కాసేపు మోకాళ్లు నిమురుకున్నారు. “వాడికి మా నాన్న పోలిక వచ్చింది. అమ్మ రేపొస్తుంది, రేపొస్తుంది అని ఏడాది పొడుగునా చెప్పాడాయన. నేను బాధపడకూడదని. ఆ ఏడాదంతా బడి ఎగ్గొట్టి ఒడ్డున నిలబడ్డానమ్మా. ఎవరో ఒకళ్లు నిజం చెప్పుంటే ఆడుకుందును కదా.” తర్వాత చెయ్యి ఊపారు. “ఊఁ. కానీ.”

చదివాను. మీ పెన్సిల్ రాతతో సహా చదివాను.

అయ్యాక ఆయన ఆ రేడియో మాట ఇంకోసారి చదవమన్నారు. “తప్పలేదు” అని చదివాను. గుండె పట్టుకుంటారేమోనని ఆయన చేతుల వంకే చూస్తున్నాను. ఆయన చేతులు గాల్లో ఏదో రాస్తున్నాయి.

“ఈ పాఠం డిక్టేషన్ చెప్పినప్పుడల్లా క్లాసులో సగం మంది ‘తప్పు లేదు’ అని రాసేవాళ్లు. కూల్చక తప్పలేదురా వెధవల్లారా, కూల్చితే తప్పు లేదు అని కాదు, అని ఎర్ర సిరాతో ఆ కొమ్ము కొట్టేసేవాణ్ని. ఎన్ని కొమ్ములు కొట్టేశానో. ఒక్క కొమ్మే కదా తేడా.” చేతులు దించి, “వాళ్లు సరిగ్గానే విన్నారమ్మా. నేను నోటితో చెప్పింది తప్పలేదు. పిల్లల చెవిలో పడింది తప్పు లేదు. కర్రాయన కూడా మాకు అదే చెప్పాడు, నేనే కొమ్ము లేకుండా రాసుకున్నాను” అన్నారు.

ఆ సాయంత్రం ఆయన భోజనం మానలేదు. ఏడవలేదు. చిన్నదాన్ని పిలిచి ఒక మూట విప్పించారు. అందులో ఉన్నవన్నీ ఆయన సభలో మాట్లాడిన ఫొటోలు. వాటిని చూడలేరు కదా, చిన్నది ఒక్కొక్కటీ ఎలా ఉందో చెబుతుంటే విన్నారు. “తాతయ్యా, అన్నిట్లోనూ నీ నోరు ఒకేలా తెరిచి ఉంది” అంది అది. “మాట ఒకటే కదే” అన్నారు.

మర్నాడు తనే సభ కార్యదర్శికి ఫోన్ చేశారు, ఈసారి పుస్తకం తెచ్చి అందులోంచి చెబుతానని. మైకు దొరికితే వదలడని మీరందరూ ‘మైకు బాబాయి’ అంటారే, ఆ కార్యదర్శే సాయంత్రానికల్లా మన వరండాలో ఉన్నాడు.

“మాస్టారూ, ఏటా చెప్పే నాలుగు ముక్కలూ చెప్పి దీవించండి. ఈ వయసులో మీకు కొత్త చరిత్ర ఎందుకండీ?”

“చరిత్ర కొత్తది కాదురా. నాకు చేరడం ఆలస్యమైంది.”

“జనం బాధపడతారు.”

“నాకంటేనా?”

మైకు బాబాయి నా వైపు తిరిగాడు. “ఇదంతా చదివి వినిపించింది నువ్వేనా అమ్మా? నాలుగు పుస్తకాలు చదివేసరికి కొమ్ములొచ్చినట్టున్నాయే.”

మామయ్యగారు వెంటనే అందుకున్నారు. “దానికి వచ్చాయో లేదో నాకు కనపడదు గానీ, నేను కొట్టేసినవన్నీ తిరిగి పెడుతోంది.”

చివరికి బాబాయి, అలా అయితే వేదిక మీద మాస్టారి కుర్చీ ఉండదని తేల్చేశాడు. “మంచిదే, క్లాసులో నేను ఎప్పుడు కూర్చున్నాను గనక” అన్నారీయన. వెళ్తూ వెళ్తూ బాబాయి మెట్ల మీద నాతో, ఓడకి ఫోన్ కలుపుతాను, మీ ఆయన చెబితే మీ మామగారు వింటారు అన్నాడు. కలుపుకోండి అన్నాను. కలిస్తే మీకు ఈ పాటికి సగం తెలిసే ఉంటుంది. మిగతా సగం ఇది.

సభ రేపు ఉదయం. ఆయనకి అక్షరాలు కనిపించవు కాబట్టి ఆ పేజీ నేను చదువుతాను. కుర్చీ లేకపోతే నేలమీద, మైకు ఇవ్వకపోతే గొంతుతో. నలభై మంది విద్యార్థుల ముందు గొంతు చించుకోవడం అలవాటే. మామయ్యగారికి కొమ్ము కాస్తున్నానని అంటారు. కాస్తున్నాను. ఆయన కర్రాయనని తిట్టబోవడం లేదని మాత్రం మీరు తెలుసుకోండి. “ఈ ఊరిని కాపాడినవాడే. మామూలు మనిషైతే క్షమించేసి ఊరుకుందును” అన్నారు నిన్న.

మీకు ఇప్పటికే కోపం వచ్చి ఉంటుంది: నాన్నకి ఏమన్నా అయితే? నేనూ అడుగుతున్నాను, రోజూ. ఆయన ఊపిరి వింటూ అడుగుతున్నాను. అయినా చదివాను, రేపూ చదువుతాను. ఎందుకంటే, మీకు ఇంతవరకూ చెప్పని సంగతి ఒకటుంది.

పోయినేడాది నా మెడ దగ్గర గడ్డ తీసినప్పుడు డాక్టరు మిమ్మల్ని బయటికి పిలిచి మాట్లాడాడు. మీరు లోపలికొచ్చి మామూలు గడ్డేనట అన్నారు. అది మామూలుదో కాదో రెండో పరీక్ష ఫలితం వస్తే గానీ తెలియదని డాక్టరు అన్న సంగతి, ఆ ఫలితం వచ్చి భయమేమీ లేదని తేలాకే చెప్పారు. “దాచక తప్పలేదు” అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ రోజుల్లో మీరు సరిగ్గా తినలేదని, నాకు రావాల్సిన భయమంతా మీరొక్కరే మోశారని నాకు తెలుసు. అది ప్రేమ కాదని నేను అనను. కానీ ఆ భయం నాది. అది నిజమై ఉంటే, ఆ రోజుల్ని నేను వేరేలా గడిపేదాన్ని. చిన్నదానితో ఇంకాస్త కూర్చునేదాన్ని, మీతో పోట్లాడేదాన్ని. నా జీవితంలో ఒక అధ్యాయం మీరు దాటేసి చదివారు. నేను ఈదుకుంటూ ఇవతలి ఒడ్డుకి వచ్చాను. మీరు కూడా తప్పలేదనే అన్నారు. నేను కొమ్ముతో విన్నాను.

ఇది నిందించడానికి రాయలేదు. ఇంకెప్పుడూ నా పేజీలు అతికించకండి, మామయ్యగారివి నన్ను అతికించమనకండి. చిన్నది లెక్కల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. దాన్ని అడిగే రాస్తున్నాను.

మీ పెన్సిల్ రాతని ఇందాకే రబ్బరుతో చెరిపాను. రేపు హాల్లో పేజీ తెరిచినప్పుడు అక్షరాలు స్పష్టంగా ఉండాలి, అంతే. ఈ ఉత్తరం దారిలో పోస్టు డబ్బాలో వేసి వెళ్తాం, కాబట్టి ఇది మీకు అందేసరికి చదవడం అయిపోయి ఉంటుంది. మీరు వద్దన్నా, సరేనన్నా ఆ వంతెన దాటేసి ఉంటాం.

జనం ముందు నా గొంతు మధ్యలో ఆగుతుంది. నన్ను నాకు తెలుసు. ఇది నిజమేనా, నాకేం హక్కు అని ఎక్కడో ఒకచోట ఆగి తీరుతాను. అప్పుడు నా పక్కన నిలబడ్డ మనిషి చెయ్యి ఊపి ఒక మాట అంటారు. మీరు నాకు పెట్టిన పేరే అది. ఇకనుంచి మీరు కూడా దాన్ని ఆయనలాగే పలకాలి.

ఇట్లు,
మామయ్యగారి కోడలు, మీ భార్య,
కానీ