ఫాల్కా కొమ్ములకు పూలు

ఉంటర్‌బాఖ్, టిరోల్
ఆగస్టు ఆఖరివారం

చిరంజీవి ఆఫ్రాకి, కింద లోయలో బెంచీ మీద మోకాలు చాపుకుని కూర్చున్న అత్త నోట్‌బుర్గా దీవించి రాయించేది.

నేను చెబుతుంటే చర్చి గంటలు కొట్టే కాసియన్ రాస్తున్నాడు. నాకు అక్షరం ముక్క రాదని నీకు తెలుసు. అయినా ఎంత వింత చూడు! నేనిక్కడ కదలకుండా కూర్చుంటే, నా గొంతు మడతపెట్టిన కాగితంలో దూరి, ఉప్పు మోసే లూయిస్ కంచరగాడిద ఎక్కి, కొండ మీద నీ పాక దాకా వస్తుంది. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో తిట్టి ఉండేదాన్ని.

పొద్దున వాగు మీద పొగమంచు లేచింది. లార్చి చెట్ల కొసలు పసుపెక్కాయి. శరత్తు గుమ్మంలోకి వచ్చేసింది. మీరు దిగేసరికి క్యాబేజీ తరిగి, ఉప్పేసి, పీపాలో తొక్కి ఉంచుతాను. ఆపిల్ ముక్కలు దండలు గుచ్చి పొయ్యి మీద వేలాడదీస్తాను. అక్టోబరులో చర్చి పండుగకి క్రాప్‌ఫెన్ బూరెలు వేయించాలి, దానికి నీ వెన్నంతా కావాలి, దారిలో మీ ఆయన నాకకుండా చూడు. నవంబరు ఆఖర్లో కేథరీన్ పండుగ నాడు నాట్యం ఉంది. పోయినేడు దానికి ఎగురుకుంటూ పోయావు. ఈసారి పనయ్యాకే.

వీటన్నిటికంటే ముందు, వేసవి మేతకి కొండెక్కిన మంద దిగాలి. మన ముసలావు ఫాల్కా ముందు నడవాలి, పెద్ద గంట దానికే, పెద్ద పూలకిరీటం దాని కొమ్ములకే. కాగితం పూలు కడుతున్నాను. మధ్యలో అద్దం పెడుతున్నాను. నలభై ఏళ్లు మంద ముందు నేనే నడిచాను. నాకు కనిపించిందల్లా దారి. కింద నిలబడి చూసేవాళ్లకి ఎలా ఉంటుందో నాకు తెలియదు. మోకాలు పోయింది కాబట్టి ఈ ఏడు మొదటిసారి వంతెన దగ్గర నిలబడి చూస్తాను. కళ్లారా చూడాలి.

జాగ్రత్తగా తీసుకురా. కొండ మీద ఒక్క పశువు పోయినా, ఇంట్లో ఒక మనిషి పోయినా, మంద బోడి కొమ్ములతో దిగాలి, గంటల్లో గడ్డి కుక్కాలి. ఈ నియమం నేను పెట్టింది కాదు. మా అత్త వాళ్ల అత్త కాలం నాటిది.

వాగు అవతలి క్రెసెంజ్ ఈసారి తన మందే ముందు వంతెన దాటుతుందని ఊరంతా చాటుకుంటూ తిరుగుతోంది. మార్టిన్ పండుగకి కోసి వండటానికి పెద్దబాతుని కూడా మేపుతోంది. అదీ ఆవిడా ఒకేలా నడుస్తున్నారు.

ఇట్లు, నీ అత్త.

తా.క.: ఆవిడ "ఇది రాయకు" అన్నవేవీ నేను రాయలేదు. అందుకే కాగితం ఇంత మిగిలింది. - కాసియన్.

*

కొండ పాక నుంచి

అత్తయ్యగారికి నమస్కరించి కోడలు ఆఫ్రా రాసేది. మేమిద్దరం బాగున్నాం. మీ మోకాలు కూడా మీ మాట వింటోందని ఆశిస్తాను.

మీరు చెప్పిన పనులన్నీ మీ అబ్బాయి ఉర్బాన్‌కి చదివి వినిపించాను. వెన్న మాట దగ్గర బయటికి వెళ్లిపోయాడు.

ఒక్క సంగతి, అత్తయ్యా. ఫాల్కా ఈసారి ముందు నడవదు. ఆ పెద్ద కిరీటం ఇంకో ఆవుకి సరిపోయేట్టు కట్టండి. ఎందుకని అడగకండి. ఇది ఉత్తరంలో రాసే సంగతి కాదు. మీకు వచ్చే ఉత్తరం ఎవరు చదువుతారో, చదివాక ఏ ఏ ఇళ్ల ముందు నిలబడతారో మీకూ తెలుసు. కిందికొచ్చాక ముఖాముఖి చెబుతాను. అప్పుడు తిట్టండి.

లూయిస్ మళ్లీ వచ్చేటప్పుడు మీ నల్ల శాలువా పంపండి. ఆ పెద్దది, మామయ్యగారు పోయినప్పుడు కప్పుకున్నది. ఇక్కడ త్వరలో అవసరం పడుతుంది.

ఇట్లు, మీ ఆఫ్రా.

తా.క.: కాసియన్ గారికి నమస్కారాలు. వారిని ఉద్దేశించి ఏమీ అనలేదు.

*

ఉంటర్‌బాఖ్

ఆఫ్రాకి అత్త రాయించేది. దీవెనలు ఉన్నాయో లేవో తర్వాత చెబుతాను.

నాకు అర్థమైంది.

ఫాల్కా ముందు నడవదు. నల్ల శాలువా కావాలి. ఇంకా చెప్పడానికి ఏం మిగిలింది? నాకు అక్షరాలు రావు గానీ మనుషులు వస్తారు. కొండ మీద పశువు గురించి అలాంటి మాట కాగితం మీద పెట్టకూడదని మా అత్త చెప్పేది. పెడితే మిగతా వాటికీ చుట్టుకుంటుందట. కాబట్టి నువ్వు రాయకు, నేనూ రాయించను. జరిగింది జరిగింది.

పూలు విప్పేశాను. అద్దం తీసి పెట్టెలో పెట్టాను. శాలువా పంపను, నేనే కప్పుకున్నాను. మంద బోడి కొమ్ములతో దిగుతుంది. గంటల్లో గడ్డి కుక్కండి.

అది పుట్టినప్పుడు నేను పట్టుకున్నాను, తెలుసా? పిడుగులు పడుతున్నాయి. పుట్టీ పుట్టగానే నా వేలు చప్పరించింది. వయసైపోయింది, ఇక ఈనదు, అమ్మేయమని ఊరంతా అంది. ముసలిదైతే అమ్మేస్తారా, అయితే ముందు నన్ను అమ్మండి అన్నాను. సరే. రాయించనని చెప్పి రాయిస్తున్నాను. ఇది కొట్టేయ్ కాసియన్.

ఇన్నేళ్ల తర్వాత కింద నిలబడి చూద్దామనుకుంటే, ఇదా నేను చూడాల్సింది?

అత్త.

తా.క.: కొట్టేయమంది, చెయ్యి రాలేదు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, అడిగినవాళ్లకి తప్ప. అందరూ అడిగారు. - కాసియన్.

*

కొండ పాక నుంచి

అత్తయ్యగారి పాదాల దగ్గర కూర్చున్నట్టు అనుకుని ఆఫ్రా రాసేది.

మీకు తెలిసిపోయిందన్నమాట. ఎవరు చెప్పారో అడగను. మీరు పూలు విప్పేశారంటే కోపం ఎంతుందో తెలుస్తోంది. ఆ కోపం న్యాయమే. మీరన్నట్టే బోడి కొమ్ములతో తీసుకొస్తాం.

తప్పు నాదే. తలుపు గడియ పెట్టనిది నేనే. తొందరలో ఉన్నాను. క్రెసెంజ్ గారి ఎద్దు తాడు తెంపుకుని లోపలికి దూరింది. నేను వచ్చి చూసేసరికే అంతా అయిపోయింది. ఫాల్కా ముసలిది, దానికి ఏమీ అవదులే అనుకుని ఎవరికీ చెప్పలేదు. ఉర్బాన్‌కి కూడా. ఇలా ముగుస్తుందని కలలో కూడా అనుకోలేదు.

క్రెసెంజ్ గారితో మాత్రం ఏమీ అనకండి. ఆవిడకి తెలిస్తే పండుగ చేసుకుంటారు.

ఇట్లు, తలవంచుకున్న ఆఫ్రా.

తా.క.: ఇక్కడ మంచు పడేలా ఉంది. అనుకున్నదానికంటే ముందే దిగాల్సి రావచ్చు. వెన్నకి నేను కాపలా కాస్తున్నాను.

*

ఉంటర్‌బాఖ్

ఆఫ్రాకి అత్త దీవించి రాయించేది. అవును, దీవించే.

నీ ఉత్తరం కాసియన్ చదవడం అయ్యీ అవకముందే కర్ర తీసుకుని వాగు దాటాను. మోకాలు అరిచింది, నేను దానికంటే గట్టిగా అరిచాను. క్రెసెంజ్ తన గుమ్మంలో కూర్చుని కిరీటం కడుతోంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, అంత అందమైనది నేను కట్టలేను. వెండి కాగితం చుక్కలు, ఎర్ర రిబ్బన్లు, నడుమ చిన్న శిలువ.

"నీ ఎద్దు ఏం చేసిందో తెలుసా?" అన్నాను.

"ఏం, మీ ఇంటికి పెళ్లిచూపులకొచ్చిందా?" అంది, తల కూడా ఎత్తకుండా.

"మా ఫాల్కాని చంపింది. కుమ్మి చంపింది. చాలా, నవ్వుతావా?"

నవ్వలేదు. సూది ఆగిపోయింది. తర్వాత కత్తెర తీసి, ఆఫ్రా, నా కళ్ల ముందే ఆ కిరీటాన్ని దారం దారం తెంపేసింది. ఆపవే అని నేనే చెయ్యి పట్టుకున్నాను.

"మా దాని వల్ల మీ మంద బోడిగా వస్తుంటే, మా మంద పూలు పెట్టుకుని ఏ మొహంతో వస్తుందే, బుర్గీ?" అంది.

బుర్గీ! మీ మామయ్య పోయాక ఆ పిలుపు వినలేదు. చిన్నప్పుడు ఈ క్రెసెంజే నన్ను అలా పిలిచేది. వంతెన గొడవలో పడి అది మర్చిపోయాను. కొండ కదిలి నా పక్కన కూర్చున్నా ఇంత ఆశ్చర్యపోను.

తర్వాత ఇద్దరం ప్లమ్ పండు పెట్టిన పిండి ఉండలు తిన్నాం. అవి కొంచెం గట్టిగా ఉన్నాయి, చెప్పలేదు.

ఎల్లుండి రెండు మందలూ దిగుతున్నాయట. ఇద్దరం వంతెన దగ్గర నల్ల శాలువాలతో నిలబడతాం. నిన్ను తిట్టను. గడియ మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది. నీకు తప్ప ఎవరికీ జరగలేదు, అయినా అంటున్నాను.

అత్త.

తా.క.: ఇద్దరూ ఏడ్చారు. "ఇది రాయకు" అని ఇద్దరూ అన్నారు. వాళ్లిద్దరూ ఒక మాట మీద ఉండటం నా జన్మలో చూడలేదు కాబట్టి రాశాను. - కాసియన్.

*

కొండ పాక నుంచి, ఉర్బాన్ టోపీలో

అత్తయ్యా! అత్తయ్యా! అత్తయ్యా!

నమస్కారం తర్వాత పెడతాను. ఫాల్కా బతికే ఉంది. ఎవరు చంపారు దాన్ని? ఇప్పుడే నా జడ నములుతోంది!

లూయిస్ మీ ఉత్తరం తెచ్చేసరికి ఉర్బాన్ మందని బయటికి తోలేశాడు. మంచు పట్టేసింది, ఆగడానికి లేదు. నిలబడి ఈ నాలుగు ముక్కలు రాసి అతని టోపీలో దోపుతున్నాను. ఇక కాసియన్ గారు చదివినా సరే, గంట కొట్టి లోయంతటికీ చెప్పినా సరే.

పోయినేడు కేథరీన్ పండుగ నాడు, నాట్యానికి తొందరలో, కింద మన కొట్టం తలుపుకి గడియ పెట్టలేదు. క్రెసెంజ్ గారి ఎద్దు వచ్చింది. పెళ్లిచూపులకే వచ్చింది, అత్తయ్యా! ఇక ఈనదన్న ఫాల్కా మొన్న రాత్రి పెయ్యదూడని ఈనింది. నుదుటి మీద తెల్లచుక్క, అచ్చం ఆ ఎద్దుకున్నట్టే. మన కొట్టంలో క్రెసెంజ్ గారి ఎద్దు రక్తమా అని మీరు గుండె పగిలిపోతారేమోనని దాచాను. శాలువా అడిగింది దూడకి కప్పడానికి. ఇక్కడున్న గుడ్డలన్నీ పల్చనివి.

తల్లీబిడ్డా ఇంత దూరం ఇప్పుడే నడవలేరు. నేను వాటితో ఇక్కడే ఉంటాను. ఇది తొలి మంచే, వారం పది రోజుల్లో కరిగాక దిగుతాం. పేరు మీరే పెట్టండి.

ఇట్లు, మీ కోడలు.

తా.క.: శాలువా రాలేదు కాబట్టి దూడకి ఉర్బాన్ కోటు కప్పాం. మీ అబ్బాయి వణుకుతూ వస్తే అది చలే, దుఃఖం కాదు.

*

ఉంటర్‌బాఖ్

నా బంగారు ఆఫ్రాకి, ఇంకా సరిగ్గా ఊపిరి తిరగని అత్త దీవించి రాయించేది.

అన్నీ వరసగా చెబుతాను. కాసియన్, తొందరపెట్టకు.

నేనూ క్రెసెంజ్ వంతెన దగ్గర నిలబడ్డాం. ఊరంతా మా వెనక. ముందు ఏమీ వినపడలేదు. తర్వాత నేల లోపలి నుంచి వచ్చినట్టు చప్పుడు. గంటలు మోగవు కదా, వట్టి గిట్టలు. గంట మోగుతుంటే గిట్టల చప్పుడు ఎవరికీ వినపడదే! అడవి మలుపులో పొగమంచు చీలి, అందులోంచి ఒక్కొక్కటే వచ్చాయి. వీపుల మీద మంచు ఇంకా కరగలేదు. ముక్కుల నుంచి ఆవిరి. తడిసిన కొమ్ముల మీద ఎండ పడి కొవ్వొత్తులు వెలిగించినట్టుంది. అంత పెద్ద ఒళ్లు వేసుకుని అంత నెమ్మదిగా, చర్చిలోకి వచ్చినట్టు వస్తున్నాయి.

ఇన్నేళ్లూ నా వెనక నడిచింది ఇదా? ఇంత మహత్తుని వెంటబెట్టుకుని నేను దారిలో రాళ్లు చూసుకుంటూ నడిచానా? పూలు లేవు, అద్దాలు లేవు. అయినా చూపు తిప్పుకోలేకపోయాను. క్రెసెంజ్ నా చెయ్యి ఎప్పుడు పట్టుకుందో తెలియదు.

రెండు మందలూ వంతెన దగ్గరికి ఒకేసారి వచ్చాయి. క్రెసెంజ్ మనుషులు తమ మందని ఆపి, "మీరు ముందు" అన్నారు. ఇన్నేళ్లు దేనికోసం పోట్లాడానో అది దొరికింది. నాకేమీ అనిపించలేదు. మందలో ఫాల్కాని వెతుకుతున్నాను, లేదు.

అప్పుడు ఉర్బాన్ వణుకుతూ వచ్చి టోపీ తీశాడు. మాటలు వాడికెప్పుడూ తక్కువే కదా, ఉత్తరం ఇచ్చి ఊరుకున్నాడు. కాసియన్ వంతెన మీద నిలబడి చదివాడు. "ఫాల్కా బతికే ఉంది." మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదివాడు. ఇంకోసారి అన్నాను. తర్వాత ఎద్దు సంగతి, కొట్టం సంగతి. ఊరంతా ఊపిరి బిగబట్టి నా మొహం చూస్తోంది. క్రెసెంజ్ నా కంటే ముందు నోరు తెరిచింది.

"చూశావా బుర్గీ? నేను చెప్పలే? పెళ్లిచూపులకే!"

నేను నవ్వాను. ఎంత నవ్వానంటే దగ్గరున్న ఆవు బెదిరింది. ఉర్బాన్ వంగి ఒక గంటలోంచి గడ్డి లాగేశాడు. అది టంగుమంది. పక్కవాడు ఇంకోటి లాగాడు. తర్వాత అందరూ, రెండు మందల్లోనూ, ఎవరి ఆవని చూడకుండా. లోయ అంతా ఒక్కసారి మోగింది, ఆఫ్రా. కొండలు తిరిగి మోగాయి. నలభై ఏళ్లుగా ఆ చప్పుడులో నడిచాను, విన్నది మాత్రం ఆ రోజే.

ఇప్పుడు పని విను. లూయిస్‌తో పెద్ద కిరీటం పంపుతున్నాను, అద్దం మళ్లీ పెట్టాను. చిన్నది దూడకి, క్రెసెంజ్ కట్టింది, రిబ్బన్లు మరీ ఎక్కువ. శాలువా కూడా పంపుతున్నాను, ఉర్బాన్ కోటు ఇచ్చేయ్. మంచు కరిగాక ఫాల్కాని నువ్వే ముందు నడిపించుకురా. నేను వంతెన దగ్గర ఉంటాను. మధ్యలో ఎక్కడైనా ఆగి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకో. నేనెప్పుడూ చూసుకోలేదు.

కేథరీన్ నాట్యానికి ఈ ఏడు కూడా వెళ్లు. గడియ నేను పెడతాను.

నీ అత్త.

తా.క.: దూడకి క్రెసెంజ్ అని పేరు పెట్టాను. ఆవిడ అది గౌరవమనుకుని కళ్లు తుడుచుకుంది. ఇక మన పెరట్లో నిలబడి ఆ పేరు పెట్టి ఎంత గట్టిగా తిట్టినా నన్ను అడిగేవాడు లేడు.

ఇంకో తా.క.: పై ముక్క ఈ మధ్యాహ్నం క్రెసెంజ్ గారు అడిగితే చదివి వినిపించాను. మార్టిన్ పండుగకి మేపుతున్న పెద్దబాతు పేరు ఇప్పటి నుంచి నోట్‌బుర్గా అట. భోజనానికి మీ ఇంటిల్లిపాదినీ పిలిచింది. - కాసియన్.