మెత్త పిన్ను

కేతేపల్లి,
అక్టోబరు 2022.

చిరంజీవి గిరికి అవ్వ ఆశీస్సులు.

అక్కడ అప్పుడే చలి మొదలైందని రాశావు. నీ ఒంటికి ఏ బాధా లేదని నమ్ముతున్నాను. ఇక్కడ మేమంతా క్షేమమని రాయడం మన ఇంటి అలవాటు. నీకు రాసిన ఏ ఉత్తరంలోనూ నేను ఆ వాక్యం తప్పలేదు. ఈసారి మాత్రం వదిలేస్తున్నాను. ఎందుకో చదువుతూ పోతే తెలుస్తుంది. ఫోనులో చెబితే నువ్వు మధ్యలో అడ్డు తగులుతావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

నువ్వు అడిగినవి వరసగా చెబుతాను.

మీ అమ్మ తింటున్నదా అని అడిగావు. నేను ఎదురుగా కూర్చుంటే తింటుంది, లేస్తే కంచం పక్కకు జరుపుతుంది. గడ్డివాము కాలిన మాట నిజమే. ఐలేశం తమ్ముళ్లే అంటించారు. మంట కొట్టం మీదికి వస్తుంటే మీ చెల్లె సుచరిత లోపలికి దూరి కొడవలితో పలుపులు కోసి బర్రెలను వదిలింది. చిన్న బర్రెకు వీపు మీద తోలు ఊడింది. వేపనూనె రాస్తున్నాం. ఇప్పటికీ మనిషి దగ్గరికి పోతే చాలు, అరుస్తుంది. నా చెంప మీది గాయం గురించి కూడా అడిగావు. బురదలో జారిపడ్డానని మీ అమ్మకు చెప్పాను. ఆ సంగతి తర్వాత రాస్తాను.

జీపు ముందు బరువులు గుంజే వించ్‌ను సరిగ్గా బిగించారా, బిగింపులో లోపం వల్లనే తాడు తెగిందా అని అడిగావు. మిలిటరీలో బండ్లు బాగుచేసే పనిలో ఉన్నవాడివి, నీకు అడిగే హక్కు ఉంది. బిగింపులో లోపం లేదు. నకిరేకల్ దశరథం మన రేకుల షెడ్డులోనే పని చేశాడు. పాత బంపరును గ్యాసుతో కోసేటప్పుడు నిప్పురవ్వలు పడి ఆయన చొక్కా కాలింది, ఆయన పట్టించుకోలేదు. నువ్వు వేలంలో కొని పంపిన వించ్ ఆ జీపు కోసం కంపెనీ చేసిందే కనుక చాసిస్ రంధ్రాలకు సూటిగా కూర్చుంది. గేర్‌బాక్సు నుంచి ఇంజను కిందుగా ముందుకు షాఫ్టు వచ్చింది. గేరు కర్ర పక్కన వించ్‌కు వేరే లివర్ పెట్టాడు. బరువుకు జీపు ముక్కు వంగితే ముందు కమాన్ కట్టలకు ఇంకో పట్టీ వేయించాను. ఇంగ్లీషు పుస్తకం నేను చదివి తెలుగులో చెప్పాను, ఆయన చేశాడు. ఒక్క పేజీ కూడా దాటవేయలేదు.

అందులో పిన్ను గురించి ఉన్న పేజీని మీ బాపుతో నాలుగుసార్లు చెప్పించాను. షాఫ్టును వించ్‌తో కలిపే చోట మెత్త ఇనుముతో చేసిన చిన్న పిన్ను ఉంటుంది. మోయలేని బరువు పడితే ముందు అదే తెగాలి. అది తెగితే తాడు చుట్టుకునే డ్రమ్ము ఆగిపోతుంది, తాడు మిగులుతుంది. దాని జాగాలో గట్టి బోల్టు పెడితే బోల్టు తెగదు, తాడు తెగుతుంది. తెగిన ఇనుప తాడు ఊరికే కింద పడదు. అందుకే తాడు మీద తడి గోనెసంచి వేయనిదే గుంజకూడదని మన షెడ్డులో నియమం పెట్టాను. తాడు తెగినా ఆ సంచి బరువు దాన్ని నేలకు అదుముతుంది. బోర్లలోంచి మోటర్లు గుంజినా, పొలంలో దిగబడిన వరికోత మిషన్‌ను గుంజినా మీ బాపు ఆ నియమం తప్పలేదు. ఆయన హుక్కు దగ్గర ఉండేవాడు. మనిషి దొరకనప్పుడు నేను లివర్ దగ్గర కూర్చునేదాన్ని. బడికి ఏళ్లకేళ్లు నడుపుకుంటూ పోయిన జీపే కదా.

ఇక ఐలేశం. నువ్వు ఊళ్లో ఉన్నప్పుడు వాడు ట్రాక్టర్ డ్రైవరు. తర్వాత మూసీ ఇసుక దొంగతనంగా తోలి సొంత ట్రాక్టర్లు కొన్నాడు. ఎండాకాలంలో ఊరి కావలికారు వాడి ట్రాక్టరుకు అడ్డం నిలబడితే పాదం మీది నుంచి తోలాడు. దవాఖానలో వేళ్లు తీసేశారు. కేసు పెట్టడానికి ఎవరూ పోలేదు. మనమూ పోలేదు.

ఆ పొద్దున వాడి ట్రాక్టరు ఇసుక ట్రాలీతో సహా మూసీలో ఇరుసు దాకా దిగబడింది. పైన ప్రాజెక్టు గేట్లు ఎత్తుతున్నారని సైరన్ మోగింది. వాడు ఇద్దరు కూలీలతో మన వాకిట్లోకి వచ్చి మీ బాపును రెక్క పట్టి లేపాడు. మీ బాపును ఒంటరిగా పంపడం ఇష్టం లేక నేనూ జీపు ఎక్కాను.

ఒడ్డున తుమ్మచెట్టుకు జీపును గొలుసుతో కట్టి, తాడు సాగదీసి, హుక్కు తగిలించి, తడి సంచి వేసి గుంజాం. ట్రాక్టరు కదలలేదు. పిన్ను తెగింది. దాని పని అది చేసింది.

"ఏం అమరన్నా, నా బండి గుంజేటప్పుడే తెగిందా నీ పిన్ను?" అన్నాడు ఐలేశం మీ బాపుతో.

"ఇసుక దించు ఐలేశం. ఖాళీ ట్రాలీ అయితే వస్తది. గింత బరువు తాడు ఓపది."

"దించేదాంక నీళ్లు ఆగుతయా? గేట్లకాడ నీ బావ ఉన్నడా?"

మీ బాపు కొత్త పిన్ను తీస్తుంటే వాడు దాన్ని లాక్కుని నీళ్లలోకి విసిరాడు. ట్రాక్టరు టూల్ బాక్సులోంచి గట్టి బోల్టు తెచ్చి, అది పెట్టమన్నాడు. మీ బాపు పెట్టనన్నాడు. వాడు జాకీ రాడ్డు తీసుకున్నాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది తలకు తగలకుండా మీ బాపు చెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు విరిగిన చప్పుడు నాకు జీపు దాకా వినిపించింది. పడ్డాక కూడా కొట్టాడు. నేను అడ్డం పోతే మెడ పట్టి బానెట్ మీదికి తోశాడు. బోల్టు వాడే బిగించాడు. చేతికి అంటిన మీ బాపు నెత్తురును తాడు మీది గోనెసంచితో తుడుచుకుని, దాన్ని బురదలో పారేశాడు.

మళ్లీ గుంజుడు మొదలైంది. తాడు బిగిసి మూలిగింది. ట్రాక్టరు జానెడు కదిలింది. వాడు తాడు పక్కనే నిలబడి ఇంకా, ఇంకా అని చెయ్యి ఊపుతున్నాడు. తాడు తెగింది. తుపాకీ చప్పుడు నీకు తెలుసు, అంతకంటే పెద్దగా మోగింది. వెనక్కి వచ్చిన తాడు వాడి రెండు కాళ్లనూ మోకాళ్ల పైన కోసుకుంటూ వచ్చి జీపు అద్దాన్ని పగలగొట్టింది. కూలీలు ఇసుక కేసుకు భయపడి అటునుంచి అటే పారిపోయారు. ఈ రోజు వరకు వాళ్లు ఊరికి రాలేదు.

జీపు నడిపింది తానేనని, తాడు తగిలి తన చెయ్యి విరిగిందని మీ బాపు పోలీసులకు చెప్పాడు. పగబట్టి చంపాడని ఐలేశం తమ్ముళ్లు ఫిర్యాదు ఇచ్చారు. మీ బాపును నల్లగొండ జైలుకు పంపారు. ఇంతవరకు నీకు తెలిసిందే.

గిరీ, విరిగిన చేత్తో మీ బాపు ఆ జీపును ఎలా నడుపుతాడు? నీకు ఆ అనుమానం వచ్చే ఉంటుంది. వచ్చినా నువ్వు రాయలేదు.

"టీచరమ్మా, నువ్వు కూసో జీపుల. నీ కొడుకు చెయ్యి పన్జేస్తలేదు," అన్నాడు ఐలేశం. నేను కూర్చున్నాను. నా చెంప కోసింది ఆ అద్దం ముక్కే.

వాడు బెదిరించాడు కనుక చేశానని రాస్తే అది సగం మాటే. బోల్టు పెట్టడం చూశాను. సంచి పారేయడం చూశాను. వాడు ఎక్కడ నిలబడ్డాడో చూశాను. తాడు తెగితే ఎటు పోతుందో ఆ ఒడ్డున నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. పక్కకు జరుగు అంటే చాలు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది. నేల మీద మీ బాపు నోట్లోంచి నెత్తురు ఉమ్ముతున్నాడు. నేను నోరు మూసుకుని రేసు పెంచాను. తాడు మూలిగినప్పుడు క్లచ్చు తొక్కితే ఆగిపోయేది. కాలు క్లచ్చు మీదే ఉంది. తొక్కలేదు.

వాడు వెంటనే చావలేదు. నేను దిగి దగ్గరికి పోయేసరికి కళ్లు తెరిచే ఉన్నాడు. "టీచరమ్మా, నా కాళ్లు యాడున్నయి?" అని అడిగాడు. చీర కొంగు చింపి తొడలకు కట్టాను. నెత్తురు ఆగలేదు. తర్వాత పెళ్లాన్ని పిలిచాడు. బిక్షమ్మా, బిక్షమ్మా అని, వంటింట్లో ఉన్న మనిషిని పిలిచినట్టు పిలిచాడు. నీళ్లు మా దాకా వచ్చేలోపల ఆ గొంతు ఆగిపోయింది. మీ బాపు ఒంటిచేత్తో వాడిని ఒడ్డు మీదికి లాగాడు. లాగుతూ నాతో, "నువ్వు జీపు ఎక్కలే అమ్మా. మతికుంచుకో, నువ్వు ఎక్కలే," అన్నాడు. నేను తలూపాను. కొడుకు చెప్పిన అబద్ధం వెనక ఇన్ని రోజులు దాక్కున్నాను.

నిన్న బిక్షమ్మ వచ్చింది. మరుదులకు తెలియకుండా వచ్చింది. ఆమె ఎనిమిదో తరగతిలో నా దగ్గర సైన్సు చదువుకుంది. తిట్టదలచుకుని రాలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే.

"టీచర్, ఆయన పాణం పోయేటప్పుడు ఏమన్న అన్నడా? మీ కొడుకు చెప్తలేడట. మీరు ఉన్నరంట గదా ఆడ."

"ఏం అనలే బిక్షమ్మా. దెబ్బ తాకంగనే పోయిండు," అన్నాను.

"మీరు చెప్పిన్రంటే నిజమే అయితది టీచర్," అని చెప్పి పోయింది. ఐలేశం రాడ్డు నా మీద పడినా అంత నొప్పి ఉండేది కాదు.

సెలవు పెట్టి వచ్చి ఐలేశం తమ్ముళ్లలో ఒక్కణ్నీ వదలనని రాశావు. రా. మీ బాపును ఇంటికి తెచ్చుకోవడానికి రా. వాళ్ల మీద మాత్రం చెయ్యి ఎత్తకూడదు. వాళ్ల అన్న చావు ప్రమాదం కాదని వాళ్లు అన్నది నిజం. మనిషిని తప్పు పట్టుకున్నారు, అంతే. ఈ మాట నా ఆజ్ఞ అనుకో. జీపు పోలీసుల దగ్గరే ఉంది. అది చేతికి వచ్చాక ఆ బోల్టు తీసి, నీ చేత్తో మెత్త పిన్ను పెట్టు.

రేపు పొద్దున స్టేషనుకు పోతున్నాను. బోల్టు ఇంకా వించ్‌కే ఉంది. దాన్ని చూపించి, మొదటి నుంచి చెబుతాను. మీ అమ్మకు ఈ రాత్రి చెబుతాను.

రేపు స్టేషనుకు పోయే ముందు బిక్షమ్మ ఇంటికి పోవాలి. ఆయన నీ పేరే పిలిచాడని ఆమె వాకిట్లో నిలబడి చెప్పాలి, ఎవరి వల్ల పోయాడో కూడా చెప్పాలి. మరుదులు ఇంట్లో ఉంటే ఉండనీ. అబద్ధం చెప్పినందుకు ఆ పిల్లను ఒకసారి తరగతిలో లేపి, చెయ్యి చాపమని బెత్తంతో కొట్టాను. ఏ అబద్ధమో నాకు గుర్తు లేదు, ఆమెకు ఉంటుంది. రేపు నేను చెయ్యి చాపుకునే ఆ వాకిట్లోకి పోతాను.

ఇట్లు,
నీ అవ్వ,
నిర్మలమ్మ