నువ్వెళ్ళిన దగ్గర్నుంచీ కారు ఆగిపోతోంది

బారిడీహ్, ఫిబ్రవరి 3

కుసుమకి జానకిరామ్ రాసేది. ఫోన్ ఎత్తనన్నావు, ఉత్తరమైతే చదువుతానన్నావు, అందుకని రాస్తున్నాను. మీ చెల్లెలు హేమ ఇంట్లో అందరూ కులాసాయే కదా.

నువ్వు విజయనగరం వెళ్ళిన దగ్గర్నుంచీ మన పాత కారు ఐడ్లింగ్‌లో నిలబడటం లేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, రెండుసార్లు దగ్గి ఆగిపోతోంది. నిన్న సాక్చి గోల్ చక్కర్ కూడలి దగ్గర కానిస్టేబుల్ "అంకుల్, ధక్కా లగాయేఁ క్యా?" అంటూ తొయ్యడానికొచ్చాడు. ప్లగ్గులు మార్చాను, కార్బురేటర్ కడిగాను. ప్లాంటులో ముప్పై ఏళ్ళు నేర్చుకున్నదొకటే: మిషను ఆగితే, కొత్తగా ఏం మారిందో చూడాలి. ఇక్కడ మారింది నువ్వొక్కతివే. వెళ్ళే ముందు కారులో ఏమైనా ముట్టుకున్నావా?

నీ జానకిరామ్

తా.క.: పోపుల డబ్బా కూడా కనబడటం లేదు. ముందు కారు సంగతి రాయి.

విజయనగరం, ఫిబ్రవరి 8

శ్రీవారికి నమస్కారాలు. మీకు సగం, కారుకి సగం.

పది రోజులకి ఒక ఉత్తరం, అందులో నా మీద ఎంక్వయిరీ! నేనెందుకు వచ్చేశానో గుర్తుందా? డిమ్నా దారిలో నేనేదో చెప్పబోతే "ష్, ఇంజను విననీ" అన్నారు. ఇరవై రెండేళ్ళుగా ఆ సీట్లో కూర్చుంటున్నాను, మీ చెవి మాత్రం ఇంజనుకే. వెళ్ళే ముందు నేను దేన్నీ ముట్టుకోలేదు. కావాలంటే వేలిముద్రలు తీయించుకోండి.

కుసుమకుమారి

తా.క.: పోపుల డబ్బా ఎప్పుడూ ఉండే చోటే ఉంది. అది ఏ చోటో మీకు తెలియకపోవడం నా తప్పు కాదు.

బారిడీహ్, ఫిబ్రవరి 13

కుసుమకి, కోప్పడవని ఆశిస్తూ.

సాక్చిలో షెడ్డున్న మన మెకానిక్ ఆదిబాబుని పిలిచాను. బానెట్‌లో తల పెట్టి విని, "బాబూ, దీనికేటీ రోగం నేదండి. అమ్మగోరు నేక బెంగెట్టుకుంది" అన్నాడు. నాకది ఇంజనీరింగ్ కారణంలా తోచలేదు. బరువులో తేడా ఏమోనని నీ సీట్లో డెబ్భై కిలోల బియ్యం బస్తా పెట్టి, తాడు కట్టి, బారిడీహ్ అంతా తిప్పాను. అయినా ఆగిపోయింది. దారిలో రెండుసార్లు బస్తా వైపు తిరిగి "చూశావా" అన్నాను. చెప్పుకుంటే సిగ్గు.

జానకిరామ్

తా.క.: డెబ్భై అన్నది నేనే అందాజుగా చెప్పాను. ఆదిబాబు ఏమీ అనలేదు.

విజయనగరం, ఫిబ్రవరి 18

శ్రీవారికి,

డెబ్భై కిలోలా! యాభై ఎనిమిది. ఇవాళే వెళ్ళి ఆదిబాబుకి చెప్పి రండి.

ఆ రోజు మీరు విననిది ఇప్పుడు వినండి. స్టీరింగు పక్కన లాగే బుడిపె ఒకటుంది కదా, దానికే నా చేతిసంచి తగిలిస్తాను, కారెక్కిన మొదటి రోజు నుంచీ. సంచి బరువుకి అది బయటికి వస్తోంది, ఫరవాలేదా అని అడగబోయాను. మీరు ఇంజను వింటున్నారు.

కుసుమ

తా.క.: బస్తా సంగతికి హేమ పడీపడీ నవ్వింది. నేను నవ్వలేదు. "చూశావా" అన్న చోట మాత్రం రెండోసారి చదివాను.

బారిడీహ్, ఫిబ్రవరి 22

కుసుమా,

దొరికింది! ఆ బుడిపె చోక్. అది బయటికొస్తే ఇంజనుకి పెట్రోలు ఎక్కువ అందుతుంది. ఇన్నేళ్ళూ ఆదిబాబు ఐడ్లింగ్ సరిచేసింది నీ సంచి వేలాడుతుండగానే. నువ్వు లేకుండా ఈ కారు నేనెప్పుడూ తీయలేదు, అందుకే ఇన్నాళ్ళూ బయటపడలేదు. ఇప్పుడు సంచి నీతో వెళ్ళిపోయింది, కారుకి పెట్రోలు చాలక ఆగిపోతోంది. "స్క్రూ అరచుట్టు తిప్పేత్తే అమ్మగోరు నేకపోయినా నడిసిపోద్దండి" అన్నాడు. నేను స్క్రూడ్రైవర్ లాక్కున్నాను. నువ్వు లేకపోయినా నడిచిపోయే కారు నాకెందుకు? పొద్దున్న రెండు కప్పులు టీ పెట్టి, రెండోది కూడా నేనే తాగుతున్నాను. నాకేం బాగాలేదు కుసుమా. వచ్చేయ్.

నీ జానకిరామ్

తా.క.: ఆ స్క్రూడ్రైవర్ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆదిబాబు దగ్గర ఇంకో మూడున్నాయని తర్వాత తెలిసింది.

సాక్చి, ఫిబ్రవరి 27, ఉదయం

ఏమండీ,

ఈ కవరు మీద స్టాంపు లేదు చూడండి. ఆదిబాబు చేతికిచ్చి పంపుతున్నాను.

నన్ను రమ్మన్నది కారు కోసమా, నా కోసమా? ఎన్నిసార్లు చదివినా నాకు తేలలేదు. అందుకని అతన్ని స్క్రూ తిప్పనివ్వండి. నేను లేకపోయినా కారు చక్కగా నిలబడుతుంది. అప్పటికీ నేను కావాలనిపిస్తే, అతని షెడ్డులో బల్ల మీద కూర్చున్నాను, ఇప్పుడే రైలు దిగి. గంటసేపు చూస్తాను.

మీ కుసుమ

తా.క.: గంట అని ఊరికే రాశాను. కారులోనే రండి. మూడు పెట్టెలున్నాయి, మళ్ళీ వెళ్ళే ఉద్దేశం లేక అన్నీ తెచ్చేశాను.