నడిమి గోడల కిటికీ

మొఘల్‌పురా, 12-2-1985

అన్నా, మేమంత మంచిగనే ఉన్నం, ఫికర్ జెయ్యకు.

మతాల లొల్లిల మా ఇల్లు, పక్కన జైనబ్బీ ఇల్లు రెండూ కాలినయ్. జాగ అమ్మి ఊరికి రమ్మని రాసినవు. నేను రాను. ఈడ్నే కడుతున్న.

నిన్న రెండిండ్ల నడిమి గోడ లేపుతుంటె, నక్ష గీసిన ఇంజనీరొచ్చి, మునుపు మేం జైనబ్బీకి పాలందిచ్చిన కిటికీ ఈసారి పెట్టొద్దు, మల్ల లొల్లయితె కష్టమన్నడు. అవతల జైనబ్బీ ఇన్నది. "బంద్ జేస్తె నా చాయ్‌కు పాలెట్ల?" అని పచ్చి గోడ మీద గిన్నె వెట్టింది. మేస్త్రీ నా దిక్కు జూసిండు. గిన్నె ఉన్న కాడ ఇటుక పెట్టకని చెప్పిన.

వదిన నడుం నొప్పి తగ్గిందా? బర్రె ఈనిందా?

మన ఊళ్ల కొట్టంల ఉన్న టేకు కిటికీ రెక్క లారీల ఏసి పంపు, దీనికి పెడత. పిల్లలకు నా దీవెనలు.

రెక్కకున్న గొళ్ళెం పీకి నీ దగ్గర్నే ఉంచుకో. మాకు దాంతోని పని లేదు.

నీ తమ్ముడు
రామ్‌చందర్